మురికి కాదమ్మా, అది

రెండేళ్ళ క్రితం దాదాపు ఆరు నెలల పాటు ప్రతి ఆదివారం నేను మా అమ్మాయి మెడ తోమాను. మొదట సున్నిపిండితో. తర్వాత శనగపిండిలో పెరుగూ నిమ్మరసం కలిపి. చివరికి బీరపీచు పెట్టి. మెడ వెనక, గొలుసు వేసుకునే చోట, ఒక నల్లటి పట్టీలా ఉండేది. ముట్టుకుంటే మఖమలు గుడ్డలా దళసరిగా తగిలేది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. "స్నానం సరిగ్గా చెయ్యవు, చూడు ఎంత మురికి పట్టిందో" అని కసిరేదాన్ని. "మురికి కాదమ్మా అది, మండుతోంది" అని ఏడ్చేది. నేను వినలేదు. నల్లగా ఉన్నదంతా మురికే అని నేర్చుకున్న కళ్ళు నావి. రంగు గురించీ కులం గురించీ సభల్లో మాట్లాడే నేను, నా బాత్రూమ్‌లో నా కూతురి చర్మం మీద ఆ పాఠమే మళ్ళీ అప్పజెప్పానని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఏదో జ్వరానికి తీసుకెళ్తే పిల్లల డాక్టరుగారు స్టెత్ పెడుతూ ఆ మెడ చూసి ఆగారు. "ఇది మురికి కాదండీ" అన్నారావిడ. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచెయ్యక, అది అవసరానికి మించి తయారవుతుంటే చర్మం ఇలా మందంగా నల్లగా మారుతుందట. అకాంథోసిస్ నైగ్రికన్స్ అని దానికి పేరు. బరువు చూశారు, ఎత్తు చూశారు, చార్టులో ఒక చుక్క పెట్టారు. స్థూలకాయం అన్నారు. చక్కెర వ్యాధి ఇంకా రాలేదు గానీ దారి అటే ఉందన్నారు. ఆ తర్వాత నావైపు తిరిగి అడిగారు: "ఏం పెడుతున్నారమ్మా పాపకి?"

నా పక్క కుర్చీలో దాని తండ్రి కూర్చునే ఉన్నాడు.

ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు. ఈ వ్యాసం దానికి సమాధానం కాదు. అసలా ప్రశ్న ఎవరిని అడగాలి అన్నదాని గురించి నేను చేసిన ఆలోచన. పిల్లల లావు ఆరోగ్య సమస్యే. కానీ అందులో ఒక నైతిక సమస్య కూడా ఉంది. ఒక పిల్ల ఒంట్లో బరువు పెరిగితే అది ఎవరి తప్పు? తప్పు అనే మాట ఇక్కడ పనికొస్తుందా? స్త్రీ దేహాన్ని కొలిచే, తూచే సంస్కృతికి వ్యతిరేకంగా ఇన్నేళ్ళు రాసిన మనం, మన పిల్లల్ని బరువు యంత్రం మీద నిలబెట్టవచ్చునా?

*

మన భాషలో ఒక సామెత ఉంది: తల్లి కడుపు చూస్తుంది, పెళ్ళాం జేబు చూస్తుంది. ఒకే దెబ్బకి ఇద్దరు ఆడవాళ్ళని రెండు గళ్ళలో కూర్చోబెట్టేసే సామెత ఇది. ఇందులో తల్లికి దక్కేది పొగడ్తలా కనిపిస్తుంది గానీ అది పొగడ్త కాదు, ఉద్యోగం. జీతం లేని, సెలవు లేని ఉద్యోగం. తన పేరు మీద ఏమీ లేని ఆడదానికి మన సమాజం ఇచ్చిన ఏకైక గౌరవం 'పెట్టే చెయ్యి' కావడం. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చిన వాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారిని (1841-1909) అపర అన్నపూర్ణ అన్నాం. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి భోజన పథకానికి ఆమె పేరే పెట్టింది. ఆమె గొప్పతనాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. వండి వడ్డించడం ద్వారా మాత్రమే చరిత్రలోకి రానిచ్చిన కాలం గురించి మాట్లాడుతున్నాను.

పెట్టే చెయ్యి ఎప్పుడూ బోనులోనే ఉంటుంది. పిల్ల సన్నగా ఉంటే "తల్లి సరిగ్గా పెట్టడం లేదు." బొద్దుగా ఉంటే మొదట్లో ముద్దు, దిష్టి చుక్క. ఎనిమిదో ఏడు దాటేసరికి అదే బొద్దుతనం "తల్లి గారాబం" అయిపోతుంది. తల్లి ఉద్యోగస్థురాలైతే "ప్యాకెట్ తిండి పెట్టి పెంచింది." ఇంట్లో ఉంటే "ఏం పనుంది, వండి పెట్టలేదా?" ఈ తీర్పుల్లో తండ్రి ఎక్కడా కనబడడు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే స్త్రీలు రోజుకి 299 నిమిషాలు ఆ పనిలో ఉంటే, చేసే పురుషులు ఉండేది 97 నిమిషాలు. ఆ పని చేసేవాళ్ళ సంఖ్యలో ఉన్న తేడా వేరే. తిండి బాధ్యత అంతా ఒకరిదైన చోట తిండి తప్పు కూడా ఒకరిదే అవుతుంది. డాక్టరుగారి కళ్ళు నావైపు తిరగడం ఆవిడ దోషం కాదు. ఆవిడా ఎవరి ఇంట్లోనో ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకుంటూనే ఉండి ఉంటారు.

*

ఇంతవరకూ రాయడం తేలిక. ఇది మనందరం ఒప్పుకునే మాట. నాకు కష్టమైన భాగం ఇప్పుడు మొదలవుతుంది.

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళడానికి ఏడాది ముందే బడిలో హెల్త్ క్యాంపు పెట్టి ఒక కార్డు పంపారు. 'అధిక బరువు, వైద్యుని సంప్రదించగలరు' అని అందులో ఉంది. నేను దాన్ని మడిచి సొరుగులో పడేశాను. "ఎనిమిదేళ్ళ పిల్ల ఒంటిని కూడా కొలిచి మార్కులేస్తారా?" అని ఆ రాత్రి నా సహచరుడికి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. స్త్రీల కథల్లో దేహం మీద పరిశోధన చేసినదాన్ని. సూసీ ఆర్బాక్ 1978లో 'ఫ్యాట్ ఈజ్ ఎ ఫెమినిస్ట్ ఇష్యూ' అనే పుస్తకం రాసి, ఆడవాళ్ళ లావుని ఆకలికి కాక సమాజం ఆడదాని మీద పెట్టే ఒత్తిళ్ళకి ముడిపెట్టి చూపించిందని క్లాసులో పాఠం చెప్పేదాన్ని. బాడీ మాస్ ఇండెక్స్ అనే కొలత 19వ శతాబ్దంలో క్వెటెలె అనే బెల్జియం గణాంకవేత్త జనాభా సగటులు తీయడానికి తయారుచేసిందే గానీ ఒక్కొక్క మనిషి ఆరోగ్యం తేల్చడానికి కాదని కూడా చెప్పేదాన్ని. అవన్నీ నిజాలే. ఆ నిజాల వెనక నేను దాక్కున్నాను.

ఎందుకంటే పిల్ల కాలేయానికి సిద్ధాంతాలు తెలియవు. చిన్న వయసులో పేరుకున్న కొవ్వు కాలేయంలో చేరుతుంది. రక్తపోటు పెంచుతుంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడేలా చేస్తుంది. ఎదిగే మోకాళ్ళ మీదా తుంటి మీదా భారం వేస్తుంది. ఒకప్పుడు పెద్దవాళ్ళ జబ్బు అనుకున్న టైప్ 2 మధుమేహం ఇప్పుడు పదమూడు, పద్నాలుగేళ్ళ వాళ్ళలో కనబడుతోంది. ఆడపిల్లల్లో నెలసరి తొందరగా వచ్చే అవకాశం పెరుగుతుంది. పీసీఓఎస్ వస్తే నెలసరి తప్పడం, మొహం మీద వెంట్రుకలు, వాటి చుట్టూ మళ్ళీ అవమానం. తొమ్మిదికో పదికో పెద్దమనిషి అయితే మన ఇళ్ళల్లో ఏమవుతుందో మీకు తెలుసు. ఆటలు ఆగిపోతాయి. సైకిల్ మూలన పడుతుంది. బాల్యంలోంచి రెండు మూడేళ్ళు కోసేసినట్టే. ఆ ఆట ఆగడంతో బరువు ఇంకా పెరుగుతుంది. లావుగా ఉన్న పిల్లలందరికీ ఇవన్నీ వస్తాయని కాదు. లావే రోగం అనీ కాదు. కానీ నా కూతురి మెడ ఒక సంగతి చెప్తూ ఉంది. దాన్ని చదవడానికి నిరాకరించి, ఆ నిరాకరణకి నేను రాజకీయం అని పేరు పెట్టుకున్నాను.

ఆ తర్వాత నేను చేసిన రెండో తప్పు మొదటిదానికి పూర్తిగా ఎదురు దిక్కులోది. డాక్టరుగారి మాట విన్న మర్నాటి నుంచే అల్మారాకి తాళం వేశాను. అన్నం గరిటెలతో లెక్కపెట్టాను. ఒక పెళ్ళిలో పాప ప్లేటులో రెండో జిలేబీ పడబోతుంటే అందరి ముందూ చెయ్యి పట్టుకుని ఆపాను. పక్కనున్న వరసకి అత్త ఒకావిడ నవ్వి, "పోనీలే, ఇప్పట్నుంచే తగ్గించు, రేపు పెళ్ళి సంబంధాలు కష్టం" అంది. పదేళ్ళు కూడా నిండని పిల్ల! నేనామెకి జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఆ క్షణాన ఆమే నేనూ ఒకే పని చేస్తున్నాం. కారణాలు మాత్రం వేరు. మూడు వారాల తర్వాత పరుపు కింద ఖాళీ బిస్కెట్ కాగితాలు దొరికాయి. చక్కగా చదును చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. దానికి దొంగతనం నేర్పింది నేనే.

బరువు గురించి ఎగతాళికి, తిట్లకి గురైన పిల్లలు బరువు తగ్గరని, రహస్యంగా, అదుపు లేకుండా తినడం వాళ్ళలో ఎక్కువవుతుందని, ఆటస్థలానికి వెళ్ళడమే మానేస్తారని పరిశోధనలు చెప్తున్నాయి. సిగ్గు మందు కాదు. సిగ్గు కూడా ఒక కారణమే. మన సిద్ధాంతం చెప్పిందాంట్లో నిలబడేది ఇదే, నేను చదవకుండా దాటేసింది కూడా ఇదే. దేహాన్ని అవమానించవద్దు అన్న మాటకి దేహాన్ని పట్టించుకోవద్దు అని అర్థం కాదు. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నటి దారి నాకు ఏ పుస్తకమూ చూపించలేదు.

*

మా అమ్మది ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతం. తన చిన్నతనంలో వరి అన్నం పండక్కే. మిగతా రోజులు సజ్జ సంకటి, వరిగన్నం. కరువు వచ్చిన ఏడు అదీ ఒక పూటే. ఇంట్లో తినే వరస ఇది: ముందు తాతయ్య, తర్వాత మామయ్యలు, తర్వాత ఆడపిల్లలు, చివర అమ్మమ్మ. కుండ అడుగు గీకిన చప్పుడు ఇప్పటికీ గుర్తంటుంది అమ్మ. అలాంటి మనిషి మనవరాలికి నెయ్యి వేసి ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే, "అమ్మా, ఇంక చాలు, ఆపు" అన్నాను. ముద్ద కంచంలో పడేసి నావైపు చూసింది. "పిల్ల నోటికాడ కూడు లాక్కుంటావా? మేం లేక మాడాం. మీరు ఉండి మాడ్చడం ఏందే?" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ మాటకి జవాబు వెతుక్కుంటూ పోతే పుణె దగ్గరి పల్లెల్లో 1993లో మొదలైన ఒక అధ్యయనం దొరికింది. డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చేసింది. అక్కడ పుట్టిన పసిపిల్లల సగటు బరువు సుమారు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పుట్టినవాళ్ళది సుమారు 3.5 కిలోలు. మన పిల్లల్లో కండ తక్కువ, పొట్టలోని అవయవాలు చిన్నవి. కానీ చర్మం కింద కొవ్వు మాత్రం దాదాపు తగ్గలేదు. బయటికి సన్నం, లోపల కొవ్వు. తల్లి కడుపులో తక్కువ తిండికి అలవాటుపడి తయారైన శరీరం, బయటికొచ్చాక ఎక్కువ తిండి దొరికితే దాన్ని ఖర్చు పెట్టదు, దాచుకుంటుంది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల నెదర్లాండ్స్‌లో వచ్చిన కరువులో గర్భంలో ఉన్నవాళ్ళ మీద జరిగిన అధ్యయనాలు కూడా, గర్భం తొలి నెలల్లో ఆకలి తగిలిన వాళ్ళు పెద్దయ్యాక లావయ్యే అవకాశం ఎక్కువని చూపించాయి.

నేను పుట్టినప్పుడు రెండు కిలోల పైన కొంచెం ఉన్నానట. నేను మా అమ్మ కడుపులో ఉండగానే, రేపు నా కూతురు కాబోయే అండం కూడా నాలో తయారైపోయింది. అంటే మా ముగ్గురం కొంతకాలం ఒకే ఒంట్లో ఉన్నాం. ఆ ఒంట్లో అప్పుడు ఆకలి ఉంది. నా కూతురి మెడ మీది నలుపుకి ఇదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు. జన్యువులున్నాయి, 2020లో లాక్‌డౌన్‌తో మొదలై ఏడాదిన్నర పాటు ఫోను ముందు కూర్చుని విన్న ఒకటో తరగతి ఉంది, చాలని నిద్ర ఉంది. అయినా లావు అంటే తిండి ఎక్కువైనవాళ్ళ జబ్బు అన్న నా అభిప్రాయం అక్కడ పగిలింది. తిండి తక్కువైన చరిత్ర కూడా లావుగా బయటపడుతుంది.

ఈ అధ్యయనాన్ని కూడా మళ్ళీ తల్లుల మీదికే తిప్పవచ్చు. 'గర్భిణిగా సరిగ్గా తినలేదు' అని ఇంకో తప్పు జాబితాలో చేర్చవచ్చు. కానీ మా అమ్మమ్మ సరిగ్గా తినకపోవడం ఆమె ఎంపిక కాదు. కుండ అడుగే ఆమె వాటా అని ఎవరో నిర్ణయించారు. ఆడపిల్లకి చివర్న పెట్టిన అన్యాయం మూడు తరాల తర్వాత రక్తపరీక్షలో కనబడుతోందంటే ఇంట్లో అన్నం వడ్డించే వరస రాజకీయం కాదని ఎలా అనగలం?

*

మా ఇంట్లో పనిచేసే ఆమెకి ఆరేళ్ళ కొడుకున్నాడు. వయసుకి తగ్గ ఎత్తు లేడు. ఆమెతో వచ్చినప్పుడు చేతిలో ఎప్పుడూ ఒక చిప్స్ ప్యాకెట్. ఒకరోజు, ఇంక బుద్ధి చెప్పాలని, "అవి పెట్టకు, మంచివి కావు" అన్నాను. "నాకెర్క లేదా అక్కా? ఐదుకి లేచి నాలుగిండ్లు తిరగాలె. వండెటాళ్ళెవరు? ఐదు రూపాయల ప్యాకెట్ ఇస్తె సప్పుడు జెయ్యకుంట కూసుంటడు. ఐదు రూపాయలకి అరటిపండైనా వస్తదా?" అంది. ఆమె వండకుండా వచ్చేది ఎక్కడికి? మా ఇంటికి. నా కూతురికి వేళకి కూరలు తరిగి పెట్టడానికి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో అధిక బరువున్న పిల్లలు 3.4 శాతం. అంతకుముందు 2015-16 సర్వేలో వాళ్ళు 2.1 శాతమే. ఒకే దేశంలో, ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండూ ఉన్నాయి. అయిదు నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు వాళ్ళలో స్థూలకాయులు మన దేశంలో 1990లో సుమారు 4 లక్షలుంటే, 2022 నాటికి 1.25 కోట్లయ్యారని 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రపంచవ్యాప్త అధ్యయనం చెప్పింది. యునిసెఫ్ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఆ వయసు పిల్లల్లో స్థూలకాయులు 9.4 శాతం, తక్కువ బరువున్నవాళ్ళు 9.2 శాతం. మొదటిసారి ఆ తక్కెడ ఇటు మొగ్గింది.

ముప్ఫై ఏళ్ళలో ఒక దేశపు తల్లులందరూ ఒక్కసారిగా బుద్ధి తక్కువవాళ్ళయిపోయారా? పిల్లలకి ఒక్కసారిగా జిహ్వచాపల్యం పెరిగిందా? కాదు. మారింది చుట్టూ ఉన్న లోకం. పామాయిల్, మైదా, చక్కెర, ఉప్పు కలిసిన సరుకు అన్నిటికన్నా చవగ్గా, అన్నిటికన్నా దగ్గరగా, అన్నిటికన్నా రంగురంగులుగా వచ్చి కూర్చుంది. 2025 సెప్టెంబరులో బిస్కెట్లు, చాక్లెట్ల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ఆటస్థలం లేని అపార్ట్‌మెంటులో బడి నడుస్తుంది. అక్కడ పీటీ పీరియడ్‌లో కూడా లెక్కలు చెప్తారు. ర్యాంకు కోసం పిల్ల పది గంటలు కదలకుండా కూర్చుంటుంది. ఆడపిల్ల వీధిలో ఆడుకోవడానికి మనకి భయం. ఆ భయం అబద్ధం కాదు. ఇన్ని గోడల మధ్య పెరిగిన పిల్లని నిలబెట్టి 'నీకు అదుపు లేదు' అంటున్నాం.

*

ఐరిస్ మారియన్ యంగ్ అనే ఫెమినిస్టు తత్వవేత్త ఆఖరి పుస్తకం 'రెస్పాన్సిబిలిటీ ఫర్ జస్టిస్' ఆమె చనిపోయిన అయిదేళ్ళకి, 2011లో వచ్చింది. నిందనీ బాధ్యతనీ విడదీసి చూడమంటుందామె. నింద వెనక్కి చూస్తుంది. ఒక దోషిని పట్టుకుని, ఆ ఒక్కరితో లెక్క తేల్చి, మిగతా అందర్నీ వదిలేస్తుంది. బాధ్యత ముందుకి చూస్తుంది. ఏ ఒక్కరూ కావాలని చేయకపోయినా, అందరి మామూలు పనులూ కలిసి ఒక అన్యాయం తయారైనప్పుడు, అందులో భాగమైన వాళ్ళందరూ దాన్ని మార్చే పనిలోనూ భాగం కావాలి. ఎవరికి ఎంత శక్తి ఉందో, ఎవరికి దానివల్ల ఎంత లాభం వచ్చిందో దాన్నిబట్టి ఆ వాటా ఉంటుంది.

ఈ తేడా నాకు ఊపిరి పీల్చుకునే చోటిచ్చింది. 'నా తప్పు కాదు' అనడానికీ 'నా పని కాదు' అనడానికీ మధ్య ఎంతో దూరం ఉంది. సొరుగులో కార్డు పడేసిన రోజు నేను ఈ రెండింటినీ కలిపేశాను. తాళం వేసిన రోజు దీన్నే తిరగేసి, 'ఇది నా పని కాబట్టి నాదే తప్పు' అనుకున్నాను. ఇప్పుడు డాక్టరుగారి ప్రశ్నని ఇలా మార్చి అడుగుతాను: ఏం పెడుతున్నాం మనం పిల్లలకి? 'మనం'లో తండ్రి ఉండాలి. బడి ఉండాలి. ఐదు రూపాయల ప్యాకెట్ అమ్మే కంపెనీ ఉండాలి. ప్రభుత్వం ఉండాలి.

వాళ్ళ వాటా ఏమిటో తెలియక కాదు. ఎక్కువ కొవ్వు, ఉప్పు, చక్కెర ఉన్న తినుబండారాలు బడిలో గానీ, బడి గేటుకి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని మన ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన పెట్టింది. మీ పిల్లల బడి గేటు దగ్గర ఒకసారి నిలబడి చూడండి. పసిపిల్లల పాలపొడికి ప్రకటనలు చెయ్యకూడదని 1992లో చట్టం తెచ్చుకున్నాం, అదే పిల్లకి మూడేళ్ళు రాగానే కార్టూన్ల మధ్య ఏ ప్రకటన చూపించినా ఊరుకుంటున్నాం. చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన ప్యాకెట్ల ముందువైపు నల్లటి ఎనిమిది మూలల ముద్ర వేయిస్తోంది. చదువు రాని తల్లి కూడా గుర్తుపట్టగలదు దాన్ని. మన దగ్గర అలాంటి హెచ్చరిక కోసం 2025లో సుప్రీంకోర్టులో వాదించుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది సీబీఎస్ఈ బడుల్లో చక్కెర బోర్డులు పెట్టమంది. బోర్డు మంచిదే. దాని పక్కన ఒక ఆటస్థలం కూడా ఉండాలి. బడి భోజనంలో గుడ్డు ఉండాలి. గర్భిణికి కడుపు నిండా తిండి ఉండాలి, మొదటి ఆరు నెలలూ పాలివ్వడానికి కూలి తల్లికి కూడా జీతంతో సెలవుండాలి. పిల్లల లావుని ఆపే పని పిల్ల పుట్టకముందే, ఆ తల్లి ఆడపిల్లగా ఉన్నప్పుడే మొదలవుతుంది.

*

మా ఇంట్లో ఏం మారిందో చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. మారనిది కూడా చెప్పాలి.

తాళం తీసేశాను. ఏం వండాలి, ఎప్పుడు తినాలి అన్నది పెద్దవాళ్ళు చూసుకోవాలి, ఎంత తినాలన్నది పిల్లకే వదలాలి అని ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి చాలామంది పిల్లల డాక్టర్లు చెప్తారు. వినడానికి తేలిక. 'ఇంకో ముద్ద' అనకుండా, 'ఇంక చాలు' అనకుండా కూర్చోవడం నాకు పీహెచ్‌డీ కన్నా కష్టమైంది. పాపకి వేరే తిండి, మాకు వేరే తిండి లేదు. ఇంటిల్లిపాదికీ ఒకటే. చిప్స్, కూల్‌డ్రింకులు ఇంట్లోకి తేవడం మానేశాం, బయట పుట్టినరోజుల్లో తింటే ఏమీ అనం. రాత్రి వంట నా సహచరుడిది. మొదటి నెల మా ముగ్గురికీ ఆకలి విలువ తెలిసింది. ఇప్పుడు పప్పుచారు నాకన్నా బాగా పెడతాడు. పిల్లల గురించి డాక్టరుకి జవాబు చెప్పేదీ అతనే. సాయంత్రం గంట సేపు అపార్ట్‌మెంటు కింద పిల్లల్ని ఆడించడానికి నలుగురు తల్లులం, ఇద్దరు తండ్రులం వంతులు వేసుకున్నాం. పనిచేసే ఆమె రావాల్సిన వేళని ఉదయం ఏడు నుంచి తొమ్మిదికి మార్చుకోవడం ఆమె అడక్కముందే చెయ్యాల్సింది. అడిగాక చేశాను. మిగిలిన మూడిళ్ళు ఇంకా మార్చుకోలేదు.

సజ్జలు కొనుక్కొస్తే మా అమ్మ ప్యాకెట్ మీద ధర చూసి నవ్వింది. "కరువులో తిన్నదాన్ని డబ్బులు పోసి కొంటన్నారా?" అంది. అమ్మకి ఆ సంకటి ఇష్టం లేదు. అది తన ఆకలి రుచి. మనం చిరుధాన్యాల గురించి మురిసిపోయేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోవాలి. మనవరాలికి మాత్రం సజ్జ రొట్టె తట్టడం నేర్పింది. ముద్దలు పెట్టడం ఆపలేదు, పెట్టేముందు "కావాలా?" అని అడగడం మొదలుపెట్టింది. అరవై ఏడేళ్ళ వయసులో అది ఆమె చేసిన మార్పు. నేను చేసినదానికన్నా పెద్దది.

పాప బరువు పెద్దగా తగ్గలేదు. ఎత్తు పెరిగింది. చార్టులో చుక్క కొంచెం కిందికి దిగిందని డాక్టరుగారు సంతోషించారు. మెడ మీది పట్టీ కాస్త పలచబడింది, పోలేదు. పోకపోవచ్చు కూడా. బడిలో ఇంకా 'లడ్డూ' అనే పిలుస్తారట. ఒకరోజు, "నేను లావుగా ఉన్నానా అమ్మా?" అని అడిగింది. లేదు అంటే అబద్ధం. అవును అంటే ఆ మాటకి లోకం తగిలించిన అర్థాలన్నీ దానిమీద పడతాయి. "ఉన్నావు. అది తప్పు కాదు. నీ ఒంట్లో ఒక పని సరిగ్గా జరగడం లేదు, దాన్ని మనందరం కలిసి చూసుకుంటున్నాం" అన్నాను. కాసేపు ఆలోచించి, "మరి అప్పుడు మెడ ఎందుకు తోమావు?" అంది.

తెలియక, అన్నాను. నిజానికి అది చెప్తూనే ఉంది. నేను వినలేదు. అది కూడా చెప్పాను, క్షమించమన్నాను. "సర్లే" అని ఆడుకోవడానికి కిందికి వెళ్ళిపోయింది.